ఒకే దొంగతనం, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో శిక్ష: అమెరికాలో మిస్‌డిమీనర్ కాగితం ఎలా చదవాలి

అడిగిన సంగతి ఇది. టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్న తమ్ముడు సెల్ఫ్ చెకౌట్‌లో 85 డాలర్ల సామాను స్కాన్ చేయకుండా బయటికి వచ్చాడని పోలీసులు క్లాస్ సి టికెట్ రాశారు. న్యూజెర్సీలో ఉన్న అతని స్నేహితుడికి ఇలాంటి పనికే ‘డిసార్డర్లీ పర్సన్స్’ అని సమన్లు వచ్చాయి. రెండూ మిస్‌డిమీనరేనా, అంటే చిన్న నేరాలేనా? ఏది పెద్దది? జరిమానా ఆన్‌లైన్‌లో కట్టేస్తే గొడవ వదిలిపోతుందా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆగదు. కట్టొద్దు. టెక్సాస్‌లో క్లాస్ సి టికెట్‌కు డబ్బు కట్టడమంటే కేసును నేను వ్యతిరేకించడం లేదని కోర్టుకు చెప్పడమే. దాని మీద శిక్ష పడినట్టు రికార్డు తయారవుతుంది. ఆ రికార్డు మీద ఉండే మాట ట్రాఫిక్ కాదు, దొంగతనం. వీసా మీద ఉన్నవాళ్లకు తేడా అంతా అక్కడే. టికెట్ మీద కోర్టుకు హాజరవ్వాల్సిన గడువు రాసి ఉంటుంది. ఆ గడువులోపు నేరం ఒప్పుకోవడం లేదని తెలియజేసి, వాయిదా తీసుకుని, లాయర్ని కలవాలి.

ఇక అసలు విషయం. మన దేశంలో దొంగతనానికి విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా ఒకటే చట్టం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. దేశమంతా అదే. ఆ అలవాటుతో అమెరికా వెళ్లినవాళ్లకు మొదట తట్టని సంగతి ఏమిటంటే, అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత శిక్షాస్మృతి ఉంది. ఫెడరల్ చట్టం దానికి అదనం. మిస్‌డిమీనర్ అనే మాటకు అందరూ ఒప్పుకున్న ఒకే నిర్వచనం లేదు. ఏడాది వరకు కౌంటీ జైలు పడగలిగితే మిస్‌డిమీనర్, ఏడాది దాటి రాష్ట్ర జైలు పడగలిగితే ఫెలనీ, అంటే పెద్ద నేరం, అనేది స్థూలంగా చెప్పుకునే లెక్క. చాలా రాష్ట్రాల్లో అది సరిపోతుంది. సరిపోని రాష్ట్రాల్లో మాత్రం జనం ఘోరంగా దెబ్బతింటారు.

160 డాలర్ల సామాను, మొదటిసారి పట్టుబడిన మనిషి అనుకుని చూడండి. టెక్సాస్‌లో అది క్లాస్ బి: 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా. అదే 100 డాలర్ల లోపు అయితే క్లాస్ సి, జైలే లేదు, జరిమానా 500 మించదు. 750 నుంచి 2,500 లోపు అయితే క్లాస్ ఎ, ఏడాది జైలు, 4,000 డాలర్లు. న్యూజెర్సీలో 200 డాలర్ల లోపు గనుక డిసార్డర్లీ పర్సన్స్ నేరం: 6 నెలలు, 1,000 డాలర్లు, పైగా షాప్‌లిఫ్టింగ్‌కు మొదటిసారే కనీసం 10 రోజుల సమాజ సేవ. కాలిఫోర్నియాలో 950 డాలర్ల వరకు చిన్న దొంగతనమే, 6 నెలలు, 1,000 డాలర్లు. న్యూయార్క్‌లో 1,000 డాలర్ల వరకు పెటిట్ లార్సెనీ (చిన్న దొంగతనం), క్లాస్ ఎ, 364 రోజులు. వర్జీనియాలో క్లాస్ 1, 12 నెలలు, 2,500 డాలర్లు. జార్జియాలో 500 డాలర్ల వరకు మిస్‌డిమీనర్, 12 నెలలు, 1,000 డాలర్లు. ఇలినాయ్‌లో 300 డాలర్ల వరకు క్లాస్ ఎ, ‘ఏడాదికి లోపు’. 300 దాటితే ఏకంగా ఫెలనీ.

పెన్సిల్వేనియాలో ఏమవుతుందో చూడండి. మొదటిసారి, 150 డాలర్ల లోపు అయితే సమ్మరీ నేరం, అంటే మిస్‌డిమీనర్ కన్నా కింది తరగతి: 90 రోజులు, 300 డాలర్లు. 150 డాలర్లకు చేరిందంటే ఫస్ట్ డిగ్రీ మిస్‌డిమీనర్. దానికి గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు, 10,000 డాలర్లు. పేరు మిస్‌డిమీనరే, శిక్ష మాత్రం వేరే చోట్ల ఫెలనీకి పడేంత. మొదటి తప్పుకు ఎవరూ 5 ఏళ్లు జైల్లో పెట్టరు, ఆ మాట నిజమే. కానీ ఇమ్మిగ్రేషన్ చట్టం చాలా చోట్ల అడిగేది ఎంత వేశారని కాదు, ఎంత వేయవచ్చు అని. బిల్లులో రెండు మూడు డాలర్ల తేడా మనిషిని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తోసేస్తుంది. అందుకే ఆ రాష్ట్రంలో లాయరు ముందుగా చూసేది స్టోర్ వాళ్లు వేసిన విలువ జాబితా: ఏ ధర వేశారు, ఏ వస్తువును లెక్కలో కలిపారు అని.

ఏడాది గీతను దాటే రాష్ట్రాలు ఇంకా ఉన్నాయి. మేరీల్యాండ్‌లో సెకండ్ డిగ్రీ అసాల్ట్ అంటే తోపులాట, చెంపదెబ్బ కూడా కావచ్చు. అదీ మిస్‌డిమీనరే, గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు. ఇంట్లో భార్యాభర్తల గొడవలో పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే వచ్చే కేసు తరచుగా ఇదే. మసాచుసెట్స్‌లో రాష్ట్ర జైలుకు పంపే వీలు లేని నేరాలన్నీ మిస్‌డిమీనర్లే, హౌస్ ఆఫ్ కరెక్షన్‌లో రెండున్నరేళ్ల వరకు ఉంచవచ్చు.

తరగతుల పేర్లు చూసి పోల్చుకోవడం వల్ల చాలామంది పొరబడతారు. టెక్సాస్, న్యూయార్క్, ఇలినాయ్‌లలో ఎ పెద్దది. వర్జీనియాలో అక్షరాలు లేవు, 1 నుంచి 4 అంకెలు. 3, 4 తరగతులకు జరిమానా తప్ప జైలు లేదు. ఒహాయోలో ఫస్ట్ డిగ్రీకి 180 రోజులే, అక్కడినుంచి దిగుతూ 90, 60, 30 రోజులు, చివర్లో 150 డాలర్ల జరిమానాతో మైనర్ మిస్‌డిమీనర్. అరిజోనాలో క్లాస్ 1 అంటే 6 నెలలు. వర్జీనియాలో అదే క్లాస్ 1 అంటే 12 నెలలు. మెయిన్ రాష్ట్రంలో ఆ మాటే వాడరు, డి, ఇ తరగతుల నేరాలంటారు. కాలిఫోర్నియాలో తరగతులే లేవు. చట్టం వేరేగా చెప్పకపోతే 6 నెలలు, ప్రత్యేకంగా చెబితే 364 రోజుల వరకు. అక్కడ కొన్ని నేరాలు మిస్‌డిమీనర్‌గానైనా ఫెలనీగానైనా పెట్టవచ్చు, వాటిని వాబ్లర్ అంటారు. వాషింగ్టన్, మిన్నెసోటాల్లో మామూలు మిస్‌డిమీనర్‌కు 90 రోజులు, గ్రాస్ మిస్‌డిమీనర్‌కు 364 రోజులు.

న్యూజెర్సీ గురించి విడిగా చెప్పాలి. అక్కడి చట్టం ప్రకారం డిసార్డర్లీ పర్సన్స్ నేరం అసలు క్రైమ్ కిందకే రాదు. మునిసిపల్ కోర్టులో జడ్జి ఒక్కరే విచారిస్తారు, జ్యూరీ ఉండదు. ఆ మాట పట్టుకుని ‘ఇది క్రైమ్ కాదట, ఒప్పేసుకుందాం’ అనుకునే పిల్లలు ఎక్కువ. ఇమ్మిగ్రేషన్ అధికారులకు రాష్ట్రం పెట్టిన పేరుతో పని లేదు, వాళ్ల నిర్వచనం వాళ్లకుంది. పైగా అక్కడ మొత్తం 200 డాలర్లకు చేరితే ఫోర్త్ డిగ్రీ, 18 నెలల వరకు. అది కౌంటీ స్థాయి కోర్టుకు వెళ్తుంది.

కాగితం మీది గరిష్ఠ శిక్షకూ నిజంగా పడేదానికీ దూరం చాలా ఉంటుంది. నార్త్ కరోలినాలో అయితే ఆ దూరాన్ని చట్టమే పట్టికలో రాసిపెట్టింది. ఎ1, 1, 2, 3 అని నాలుగు తరగతులు. పాత శిక్షలు ఏమీ లేకపోతే ఒక వరస, 1 నుంచి 4 ఉంటే రెండోది, 5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మూడోది. క్లాస్ 1 నేరానికి పాత రికార్డు లేనివాడికి గరిష్ఠం 45 రోజులు, మూడో వరసవాడికి 120 రోజులు. మరోవైపు, కొన్ని చోట్ల కనీస శిక్ష తప్పదు. అరిజోనాలో మొదటి డీయూఐకి (తాగి బండి నడిపిన కేసు) 10 రోజుల జైలు, అందులో 9 రోజులు జడ్జి మాఫీ చేయవచ్చు. టెక్సాస్‌లో మొదటి డీడబ్ల్యూఐకి (అక్కడ ఆ కేసు పేరు ఇదే) కనీసం 72 గంటలు. జరిమానా అంకెను కూడా అలాగే నమ్మకూడదు. కాలిఫోర్నియాలో మొదటి డీయూఐ కనీస జరిమానా 390 డాలర్లని రాసి ఉంటుంది. రాష్ట్రం, కౌంటీ, కోర్టు వేసే అదనపు వడ్డింపులు కలిపితే కట్టాల్సింది దానికి మూడు నాలుగు రెట్లు దాటుతుంది. తాగి నడిపినవాళ్లు వినాల్సిన పాఠాల ఫీజు, కారు విడిపించుకునే ఖర్చు, ఇన్సూరెన్స్ పెరుగుదల ఇంకా వేరు.

ఇప్పుడు వీసా మీద ఉన్నవాళ్ల లెక్క. దొంగతనం సాధారణంగా మోరల్ టర్పిట్యూడ్ నేరం, అంటే నీతి తప్పిన నేరం కింద లెక్క. దీనికి రెండు పరీక్షలున్నాయి, వాటిని కలిపేయకూడదు. మొదటిది దేశంలోకి రావడానికి, వీసా స్టాంపింగ్‌కు, గ్రీన్ కార్డుకు: జీవితంలో అలాంటి నేరం ఒక్కటే ఉండి, దానికి గరిష్ఠ శిక్ష ఏడాది దాటకుండా, నిజంగా వేసిన శిక్ష 6 నెలలు మించకుండా ఉంటే చిన్న నేరం మినహాయింపు దొరుకుతుంది. రెండోది దేశంలో ఉన్నవాళ్లను పంపేయడానికి: ప్రవేశించిన 5 ఏళ్లలోపు చేసిన నేరానికి ‘ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ’ శిక్ష వేసే వీలుంటే చాలు. ఒకదానిలో ఏడాది దాటకూడదు, రెండోదానిలో ఏడాది చేరకూడదు. ఆ ఒక్క రోజు కోసమే వాషింగ్టన్ 2011లో, కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019లో 365ను 364 చేశాయి.

ఈ లెక్కతో పైన చెప్పిన 160 డాలర్లను మళ్లీ చూడండి. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, ఇలినాయ్, టెక్సాస్ క్లాస్ బి: ఒక్క నేరమే అయితే రెండు పరీక్షలూ గట్టెక్కవచ్చు. వర్జీనియా, జార్జియా: మొదటిది గట్టెక్కుతుంది, రెండోదానిలో చిక్కు. పెన్సిల్వేనియా ఫస్ట్ డిగ్రీ: రెండింటిలోనూ చిక్కే. టెక్సాస్ క్లాస్ సి టికెట్‌కు జైలే లేదు కదా అంటే, నిజమే, కానీ ఆ మినహాయింపు ఒక్కసారికే. 85 డాలర్ల సామానుకు దాన్ని వాడేసుకున్నాక, వేరే సందర్భంలో రెండోది పడితే ఏ మినహాయింపూ మిగలదు; అలాంటివి రెండు ఉంటే శిక్ష ఎంతన్నది చూడకుండానే పంపేసే వీలుంది.

‘శిక్ష పడింది’ అనే మాటకు ఇమ్మిగ్రేషన్ అర్థం కూడా తెలుసుకోవాలి. నేరం ఒప్పుకున్నా, వ్యతిరేకించనన్నా, వాస్తవాలు సరిపోతాయని అంగీకరించినా, దాని మీద జడ్జి ఏదో ఒక ఆంక్షో జరిమానానో వేస్తే అది శిక్షే. తర్వాత రాష్ట్ర కోర్టు కేసు కొట్టేసినా సాధారణంగా మారదు. అందుకే మన పిల్లలకు ‘కేసు పోతుంది’ అని చెప్పే పథకాలన్నీ ఒకటి కావు. న్యూయార్క్‌లో ఏసీడీ అనే పథకంలో ప్లీ, అంటే నేరం ఒప్పుకునే మాట, లేకుండానే సాధారణంగా 6 నెలలు వాయిదా వేసి కొట్టేస్తారు, మంచిది. కాలిఫోర్నియాలో 2021 నుంచి జడ్జి ఇచ్చే డైవర్షన్‌కు, అంటే కొన్ని షరతులు పూర్తి చేస్తే కేసు కొట్టేసే పథకానికి, నేరం ఒప్పుకోనక్కర్లేదు. కానీ న్యూజెర్సీ కండిషనల్ డిస్మిసల్‌లో ముందు నేరం ఒప్పుకోవాలి, లేదా కోర్టు నేరం తేల్చాలి. టెక్సాస్ డిఫర్డ్ అడ్జుడికేషన్, ఇలినాయ్ సూపర్విజన్ కూడా ప్లీ మీద నడిచేవే. పౌరుడికి అవి వరం, ఎఫ్-1, హెచ్-1బి వాళ్లకు ఉచ్చు. స్నేహితుడి సమన్ల విషయంలో లాయర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: నోటితో ఏమీ ఒప్పుకోకుండా కేసు కొట్టేయించే దారి, లేదా దొంగతనం కాని స్థానిక నిబంధన కిందకు మార్పించే దారి ఉందా?

తీర్పు కాగితంలో మాటలు కూడా ముఖ్యం. జార్జియాలో జడ్జి ‘12 నెలల ప్రొబేషన్’ (జైలు బయటే కోర్టు పర్యవేక్షణ) అని రాయడం వేరు, ‘12 నెలల నిర్బంధం, ప్రొబేషన్ మీద గడపాలి’ అని రాయడం వేరు. మనిషి రెండు సందర్భాల్లోనూ ఇంటికే వెళ్తాడు. రెండోదాన్ని మాత్రం ఫెడరల్ చట్టం ఏడాది జైలు శిక్షగా లెక్కిస్తుంది, సస్పెండ్ చేసినా సరే. దొంగతనానికి ఏడాది శిక్ష అంటే అగ్రవేటెడ్ ఫెలనీ, అంటే ఇమ్మిగ్రేషన్ చట్టంలో అతి తీవ్రమైన నేరం, అనే ముద్ర పడే ప్రమాదం, రాష్ట్రం దాన్ని మిస్‌డిమీనర్ అన్నా కూడా. సంతకం పెట్టేముందు 364 రోజులకో, అంతకు తక్కువకో రాయించుకోవడానికి లాయరు అడగాలి. తర్వాత మార్పించడం చాలా కష్టం.

డ్రైవింగ్ కేసుల్లో పొరపాటు ఇంకో రకం. వర్జీనియాలో పరిమితి కన్నా గంటకు 20 మైళ్లు ఎక్కువ, లేదా పరిమితి ఎంతున్నా 85 మైళ్లు దాటితే రెక్‌లెస్ డ్రైవింగ్, క్లాస్ 1, 12 నెలల వరకు. 70 ఉన్న రోడ్డు మీద 86 అంటే క్రిమినల్ కేసు. పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు దాన్ని మామూలు స్పీడింగ్ టికెట్ అనుకుని కోర్టుకు వెళ్లరు, వారెంట్ పడవచ్చు. జార్జియాలో చాలా ట్రాఫిక్ ఉల్లంఘనలు చట్టప్రకారం మిస్‌డిమీనర్లే; లైసెన్సు లేకుండా నడిపితే అక్కడే బేడీలు వేసే అవకాశం ఉంది. దీనికి తిరగేసి, తాగి నడపడం న్యూజెర్సీలో క్రైమ్ కాదు, మోటార్ వాహన నేరం. క్రైమ్ కాదు గనుకే దాన్ని రికార్డు నుంచి చెరిపించే వీలు కూడా లేదు. విస్కాన్సిన్‌లో మొదటిసారి సివిల్ జరిమానాయే. యూటాలో రక్తంలో మద్యం పరిమితి 0.08 కాదు, 0.05. పేరు ఏదైనా, డీయూఐ అరెస్టు మీద శిక్ష పడకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు. దేశంలో ఉన్న స్టేటస్ దానివల్ల వెంటనే పోదు, కానీ ఇండియా వచ్చారంటే కొత్త స్టాంపింగ్, మెడికల్ పరీక్ష తప్పవు. కేసు నడుస్తుండగా పెళ్లికో పండగకో ప్రయాణం పెట్టుకోవద్దని గట్టిగా చెప్పేది అందుకే. 2025 ఏప్రిల్‌లో వేలాది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే ప్రభుత్వ డేటాబేస్) ఒక్కసారిగా రద్దు చేసి, కోర్టు కేసుల తర్వాత పునరుద్ధరించారు. వాటిలో కొట్టేసిన కేసులు, చిన్న ట్రాఫిక్ కేసులు కూడా ఉన్నాయి.

నేషనల్ పార్కు, మిలిటరీ స్థావరం లాంటి చోట్ల జరిగితే రాష్ట్ర లెక్కలు కాక ఫెడరల్ తరగతులు వర్తించవచ్చు: ఎ అంటే 6 నెలలు దాటి ఏడాది వరకు, బి అంటే 30 రోజులు దాటి 6 నెలల వరకు, సి అంటే 5 రోజులు దాటి 30 రోజుల వరకు.

తమ్ముడు ఇప్పుడు చేయాల్సింది. కాగితం మీద నేరం పేరు పక్కన ఉండే చట్టం సెక్షన్ నంబరు, సబ్‌సెక్షన్‌తో సహా రాసుకోవాలి. గరిష్ఠ శిక్ష దాన్నిబట్టే తెలుస్తుంది. క్రిమినల్ లాయరూ ఇమ్మిగ్రేషన్ లాయరూ ఇద్దరూ కావాలి, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ప్లీ వల్ల వచ్చే ఇమ్మిగ్రేషన్ ప్రమాదం చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, కాబట్టి నోరు తెరిచి అడగాలి. జైలు పడే వీలున్న కేసుల్లో డబ్బు లేనివాళ్లు ప్రభుత్వ లాయరు కోసం అర్జీ పెట్టుకోవచ్చు. క్లాస్ సికి జైలు లేదు గనుక అక్కడ సొంతంగా పెట్టుకోవాల్సిందే. స్టోర్ తరఫు నుంచి కొన్ని వందల డాలర్లు కట్టమని ఉత్తరం వస్తుంది. అది సివిల్ నష్టపరిహారం; కట్టినా క్రిమినల్ కేసు పోదు, లాయర్ని అడగకుండా దానికి జవాబు రాయకూడదు. ఇల్లు మారితే కోర్టుకు కొత్త అడ్రసు ఇవ్వాలి, వాయిదా నోటీసు పాత ఇంటికి వెళ్లి వారెంట్ అయిన కేసులు చాలా ఉంటాయి.

వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కేసు కొట్టేసినా, చెరిపేసినా, అరెస్టు జరిగి ఉంటే అవును అనే రాయాలి. అబద్ధం చెబితే ఆ అబద్ధానికే శాశ్వత నిషేధం రావచ్చు, దొంగతనం కన్నా అది పెద్ద దెబ్బ. కేసు ముగిసిన రోజునే కోర్టు క్లర్కు దగ్గర ముద్ర వేసిన డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) ప్రతులు నాలుగైదు, ఛార్జిషీటు, పోలీసు నివేదిక తీసి పెట్టుకోవాలి. రికార్డు చెరిపించాలనుకుంటే ఆ పని ఈ ప్రతులు చేతికొచ్చాకే, ఎందుకంటే ఒకసారి చెరిపాక కోర్టు వాటిని ఇవ్వలేకపోవచ్చు, హైదరాబాద్ కాన్సులేట్ కిటికీ దగ్గర అధికారి అడిగేది మాత్రం వాటినే.